సైన్సు విద్యార్థి ఇంగ్లీషు చదువు

మన కాలేజీ పిల్లలకి ఇంగ్లీషు రాదనే మాట నిన్న మొన్న పుట్టింది కాదు. అధ్యాపకులు అంటారు, ఉద్యోగాలిచ్చే కంపెనీలవాళ్ళు అంటారు, పత్రికలు సంపాదకీయాలు రాస్తాయి. పదేళ్ళకు పైగా ఇంగ్లీషు చదివి బి.యస్సీ., బి.కాం., ఇంజనీరింగు పట్టాలు పుచ్చుకున్నవాళ్ళు సెలవుచీటీ సొంతంగా రాయలేరనీ, నలుగురిలో నిలబడి నాలుగు మాటలు మాట్లాడలేరనీ ఆరోపణ. ఇందులో నిజం లేకపోలేదు. కాని ఆరోపించేవాళ్ళు ఎప్పుడూ ఒకచోటే ఆగిపోతారు. విద్యార్థికి శ్రద్ధ లేదు, పాఠ్యపుస్తకం ముట్టడు, గైడు బట్టీపడతాడు అనటంతో విచారణ ముగుస్తుంది. అతను గైడు ఎందుకు బట్టీపడుతున్నాడు అన్న ప్రశ్న మాత్రం వెయ్యరు. వేస్తే జవాబు విద్యార్థిని దాటి చాలా దూరం పోతుంది గనక.

ఈ వ్యాసంలో పరిశీలించదలచింది ఆ ప్రశ్ననే. భాషాసాహిత్యాలు ప్రధానాంశంగా తీసుకోని విద్యార్థి ఇంగ్లీషుని ఎలా సమీపిస్తున్నాడు? ఆ పద్ధతి అతని సోమరితనంలోంచి పుట్టిందా, లేక అతని ముందు పెట్టిన చదువులోంచి పుట్టిందా?

1

మన డిగ్రీ విద్యార్థి చదువుతున్నది ఒక ఇంగ్లీషు కాదు, మూడు ఇంగ్లీషులు. వాటికి ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు.

మొదటిది పరీక్ష ఇంగ్లీషు. జనరల్ ఇంగ్లీషు అనే పేరుతో ఒక పేపరు ఉంటుంది. కొన్ని పద్యాలు, కొన్ని వ్యాసాలు, ఒకటి రెండు కథలు, కొంత వ్యాకరణం. పాఠం సారాంశం రాయమంటారు, సందర్భం చెప్పమంటారు. ఏ ప్రశ్నలు వస్తాయో గైడు అచ్చువేసినవాడికి తెలుసు, వాటికి జవాబులు కూడా అతనే రాసిపెడతాడు. పేపరు దిద్దేవాళ్ళు కట్టలకు కట్టలు దిద్దాలి. గైడులో ఉన్న వాక్యాలు కనిపిస్తే మార్కులు పడతాయి. సొంత వాక్యం రాసిన విద్యార్థి తప్పులు దొర్లించి మార్కులు పోగొట్టుకుంటాడు. బట్టీపట్టినవాడు గట్టెక్కుతాడు. ఇట్లాంటి ఏర్పాటులో గైడుని ఆశ్రయించటం తెలివితక్కువ పనా, తెలివైన పనా? విద్యార్థి తన పరిస్థితిని సరిగ్గానే అంచనా వేసుకున్నాడు.

రెండవది మాధ్యమ ఇంగ్లీషు. అతని అసలు చదువు, అంటే భౌతికశాస్త్రమో, అకౌంట్సో, కంప్యూటరో ఇంగ్లీషు పుస్తకాల్లో ఉంది. ఆ పుస్తకం చదివి అర్థం చేసుకోవటం ఎలాగో జనరల్ ఇంగ్లీషు పేపరు నేర్పదు. సైన్సు అధ్యాపకుడేమో భాష చెప్పటం నా పని కాదంటాడు. ఆయన అనటంలోనూ న్యాయం ఉంది. ఫలితంగా విద్యార్థి పాఠం తెలుగులో విని, తెలుగులో అర్థం చేసుకుని, ఇంగ్లీషులో బట్టీపట్టి రాస్తాడు. ప్రయోగశాల రికార్డులు చూడండి. ప్రయోగం చేసింది విద్యార్థే. తీగ బిగించాడు, పాఠాంకాలు తీసుకున్నాడు, లెక్క కట్టాడు. కాని చేసిన పని గురించి రికార్డులో ఉన్న వాక్యాలు కిందటేడు సీనియరు రాసినవి. ఆ సీనియరు అంతకు ముందటేడువాడి దగ్గర ఎత్తి రాశాడు. తన చేతులు చేసిన పనికి తన మాట లేని స్థితి ఇది.

మూడవది ఉద్యోగ ఇంగ్లీషు. చివరి సంవత్సరం వచ్చేసరికి విద్యార్థి కొత్త భయంలో పడతాడు. కంపెనీలవాళ్ళు వస్తారు, గ్రూపు డిస్కషను పెడతారు, ఇంటర్వ్యూ చేస్తారు. అందుకోసం అమీర్‌పేటలోనూ, ప్రతి జిల్లా కేంద్రంలోనూ వెలసిన స్పోకెన్ ఇంగ్లీషు కేంద్రాలకి పరుగెడతాడు. ముప్ఫై రోజుల్లో, నలభై రోజుల్లో ఇంగ్లీషు వచ్చేస్తుందని గోడల మీద రాసి ఉంటుంది. అక్కడ కూడా అతను చేసేది బట్టీపట్టటమే. తన గురించి తాను చెప్పుకునే నాలుగు వాక్యాలు కూడా ఎవరో రాసి ఇచ్చినవే. ఒక తరగతిలో అరవైమంది ఉంటే అరవైమంది తలిదండ్రుల గురించీ, అలవాట్ల గురించీ, బలాలూ బలహీనతల గురించీ ఒకే వాక్యాలు అప్పజెబుతారు. విదేశాలకు పోదలచినవాళ్ళు జి.ఆర్.ఇ. కోసం అపురూపమైన పదాల జాబితాలు వల్లె వేస్తారు. ఆ పదాలు కనిపించే పుస్తకం మాత్రం ఒక్కటీ చదివి ఉండరు.

పరీక్ష ఇంగ్లీషు మాధ్యమానికి అక్కరకు రాదు, మాధ్యమ ఇంగ్లీషు నోటికి రాదు, ఉద్యోగ ఇంగ్లీషు ఇంటర్వ్యూ గది దాటదు. మూడింటిలోనూ ఉమ్మడిగా ఉన్న లక్షణం ఒకటే. ఎక్కడా విద్యార్థి తాను చెప్పదలచుకున్న మాట చెప్పడు, తనకి కావలసిన సంగతి తెలుసుకోవటం కోసం చదవడు. భాషకి ఉన్న అసలు పనిని మినహాయించి, భాషని నేర్పుతున్నాం.

2

ఇది ఎప్పటి నుంచి జరుగుతోంది? మొదటి నుంచీ. 1835లో మెకాలే తన నివేదికలో ఉద్దేశాన్ని దాచుకోలేదు. పాలకులకీ పాలితులకీ మధ్య దుబాసీలుగా పనికివచ్చే ఒక చిన్న వర్గాన్ని తయారుచెయ్యాలన్నాడు. 1854లో వుడ్ తాఖీదు వచ్చింది, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు వెలిశాయి. ఇంగ్లీషు సాహిత్యం ఒక పాఠ్యాంశంగా ఇంగ్లండులో స్థిరపడటానికి ముందే ఇక్కడ వలస పాలన అవసరాల కోసం రూపుదిద్దుకుందని గౌరీ విశ్వనాథన్ 1989లో వెలువడిన తన గ్రంథంలో సాక్ష్యాధారాలతో చూపించింది. పాలించబడేవాళ్ళకి పాలకుల మీద భక్తిగౌరవాలు కలిగించటం ఆ పాఠాల పని. మాట్లాడటం, ప్రశ్నించటం వాటి పని కాదు.

ఆ చదువు తెలుగు ఇళ్ళలో ఎట్లాంటి రూపం తీసుకుందో గురజాడ 'కన్యాశుల్కం'లో చూపించాడు. 1892లో ప్రదర్శించబడి, 1909లో పూర్తిగా తిరగరాయబడిన ఆ నాటకంలో, కొడుకు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే చూడాలని వెంకమ్మకి ముచ్చట. గిరీశం, వెంకటేశం ఆ ముచ్చట తీరుస్తారు. ఒకరు పసిపిల్లల పాట అందుకుంటే మరొకరు రేఖాగణిత సూత్రం అప్పజెబుతారు. మధ్యలో వ్యాకరణ సూత్రం కూడా దొర్లుతుంది. తల్లి మురిసిపోతుంది. ఈ సన్నివేశానికి నవ్వి ఊరుకుంటే గురజాడ చెప్పింది మనకి అందనట్టే. వెంకటేశం అజ్ఞాని అని కాదు ఆయన చూపించింది. అతను అన్న వాక్యాలు పాఠ్యపుస్తకాల్లోంచి వచ్చినవే. స్కూలు అతనికి ఇచ్చినవి అవి మాత్రమే. మాటకీ అర్థానికీ సంబంధం తెగిపోయిన చదువు ఎలా ఉంటుందో, దాన్ని గుర్తుపట్టలేని తల్లి ఆశ ఎలా ఉంటుందో రెండూ ఒక్క చోట పెట్టాడు. నూరేళ్ళు దాటినా క్యాంపస్ ఇంటర్వ్యూలో అరువు వాక్యాలు అప్పజెప్పే ఇంజనీరింగు విద్యార్థి, ఫీజుల కోసం పొలం అమ్మిన అతని తండ్రి ఆ సన్నివేశంలోనే ఉన్నారు. వెంకటేశాన్ని చూసి నవ్వినంత సులువుగా వీళ్ళని చూసి నవ్వలేం.

మరో దారి ప్రయత్నించబడలేదని కాదు. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. గ్రంథాలు అనువదించటానికి ప్రత్యేకంగా ఒక సంస్థని ఏర్పాటుచేశారు. ఇంగ్లీషుని ఒక తప్పనిసరి భాషగా నేర్పుతూ, శాస్త్రాలన్నీ దేశభాషలో చెప్పవచ్చునని ఆ విశ్వవిద్యాలయం నిరూపించింది. కాని ఆ ఉర్దూ తెలంగాణా పల్లెల్లో అత్యధిక ప్రజల భాష కాదు. అది సంస్థానపు అధికార భాష. అంచేత ఆ ప్రయోగానికి ప్రజల్లో వేళ్ళు లేకుండా పోయాయి. 1948లో సంస్థానం పోయాక అది కూడా ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, ఇంటర్మీడియెట్, డిగ్రీ స్థాయిల్లో తెలుగు పాఠ్యగ్రంథాలు తెచ్చింది. గ్రామాల నుంచి వచ్చిన ఎందరో విద్యార్థులు ఆ పుస్తకాల వల్లే డిగ్రీలు పూర్తిచెయ్యగలిగారు. అయితే తెలుగులో చదివినవాడికి ఉద్యోగం తెలుగులో దొరికే ఏర్పాటు ఎవరూ చెయ్యలేదు. చదువు ఒక భాషలోనూ, జీతం ఇంకో భాషలోనూ ఉంటే విద్యార్థి ఏ భాష వైపు పోతాడో చెప్పటానికి పరిశోధన అక్కర్లేదు.

3

నేర్పే పద్ధతుల గురించి ఆలోచన జరగలేదని కూడా అనలేం. 1958లోనే హైదరాబాదులో కేంద్ర ఇంగ్లీషు సంస్థ వెలసింది. 1972లో విదేశీభాషలు కూడా చేర్చుకుని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. అంతకు చాలా ముందు, ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1926లో బెంగాలు విద్యార్థుల ద్విభాషా సమస్య మీద గ్రంథం ప్రచురించాడు. చాలామంది పిల్లలు చదువు మధ్యలోనే ఆపేస్తారు గనక, ఆపేసిన రోజున వాళ్ళ చేతిలో ఏం మిగులుతుందనేది చూడాలని ఆయన వాదన. అంచేత ముందు చదివి అర్థం చేసుకునే శక్తి ఇవ్వాలన్నాడు. వలస ప్రభుత్వపు అధికారి వేసిన ఈ ప్రశ్నకి స్వతంత్ర భారతదేశపు విశ్వవిద్యాలయాలు ఇప్పటికీ జవాబు చెప్పలేదు. మన బి.కాం. విద్యార్థి చేతిలో చివరికి మిగులుతున్నది ఏమిటి? ఒక కవి పుట్టిన సంవత్సరం, ఇంగ్లండు పువ్వు మీద రాసిన ఒక పద్యం సారాంశం.

1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు బెంగుళూరు కేంద్రంగా దక్షిణాది స్కూళ్ళలో ఒక ప్రయోగం నడిపాడు. వ్యాకరణ సూత్రాల వరస పక్కన పెట్టి, పిల్లలకి రైళ్ళ వేళల పట్టికలు, పటాలు ఇచ్చి, వాటి ఆధారంగా సమస్యలు తీర్చమన్నాడు. మనసు అర్థం మీద ఉన్నప్పుడు భాష దానంతటది పట్టుబడుతుందనేది ఆయన సూత్రం. ఆయన సూత్రం మీద వాదోపవాదాలు ఉన్నాయి. అయినా మన చర్చకి అది చాలా దగ్గర. సైన్సు విద్యార్థికి అర్థం మీద మనసు నిలిపే పని వేరే వెతకనక్కర్లేదు. అతని ప్రయోగశాలే అతని ఇంగ్లీషు క్లాసు కావాలి. ఈరోజు ఏం చేశావు, ఏం చూశావు, లెక్క ఎందుకు తేడా వచ్చింది అని అడిగి, అతని మాటల్లో నాలుగు వాక్యాలు రాయించి, తప్పులు దిద్దితే ఒక సంవత్సరంలో వచ్చే భాష గైడుతో పదేళ్ళకీ రాదు. మనవాళ్ళు చేసింది మాత్రం గట్టు మీద కూర్చోబెట్టి ఈత గురించి వ్యాసం రాయించటం. 2000 తర్వాత ఇంజనీరింగు కాలేజీల్లో ఇంగ్లీషుకి కూడా 'ల్యాబు' పెట్టారు. కంప్యూటర్లు వచ్చాయి, చెవులకి తగిలించుకునే పరికరాలు వచ్చాయి. పక్క గదిలో ఉన్న ఫిజిక్సు ల్యాబుతో దానికి మాటల్లేవు.

మరొక విషయం. చాలా కాలేజీల్లో ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట వినపడితే తప్పు, కొన్నిచోట్ల జరిమానా కూడా. ఇది శాస్త్రీయమని వాళ్ళ నమ్మకం. నిజానికి తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుందనీ, ఇంగ్లీషు వాక్యంలో క్రియ కర్త వెంటనే వస్తుందనీ, తెలుగులో నామవాచకం తర్వాత చేరే విభక్తి ఇంగ్లీషులో దాని ముందు నిలుస్తుందనీ తెలుగులో పది నిమిషాలు విడమరచి చెబితే, విద్యార్థి ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న తప్పుల మూలం అతనికే బోధపడుతుంది. అతనికి వచ్చిన భాషని ఆసరా చేసుకోకుండా, రాని భాషని రాని భాషలోనే వివరించటం వల్ల మిగిలేది భయం.

4

విద్యార్థులు కేవలం ఉద్యోగం కోసం ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు, భాష మీద ప్రేమ లేదు అని మన ఆచార్యులు కొందరు చింతిస్తుంటారు. ఈ చింత వెనక ఒక సిద్ధాంతం ఉంది. గార్డ్‌నర్, లాంబర్ట్ అనే మనస్తత్వవేత్తలు ఒక భాష మాట్లాడే జనంతో కలిసిపోవాలనే కోరికనీ, ఆ భాషని సాధనంగా వాడుకోవాలనే కోరికనీ విడదీసి, మొదటిదానికి పెద్దపీట వేశారు. 1972లో యాస్మీన్ లుక్మానీ బొంబాయిలో మరాఠీ మాతృభాషగా గల విద్యార్థినులని పరిశీలించి ఇక్కడి సంగతి వేరని తేల్చింది. ఆ అమ్మాయిలకి ఇంగ్లీషువాళ్ళలో కలిసిపోవాలన్న కోరిక లేదు. బతుకు బాగుపడాలన్న కోరిక ఉంది. ఆ కోరిక బలంగా ఉన్నవాళ్ళే ఇంగ్లీషు బాగా నేర్చారు. అంటే బతుకుతెరువు కోసం నేర్చుకోవటం లోపం కాదు. అవసరమే మనిషికి భాష నేర్పుతుంది. రైల్వే కూలీ నాలుగు భాషలు మాట్లాడేది ప్రేమ చేత కాదు.

లోపం ఉన్నది ఆ అవసరాన్ని సొమ్ము చేసుకునే వ్యాపారంలో. 2008 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజుల చెల్లింపు పథకం వచ్చాక, వందలాది ఇంజనీరింగు కాలేజీల్లోకి మొదటిసారి దళిత, బహుజన, పేద రైతు కుటుంబాల పిల్లలు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేని పిల్లలు. ఇది చిన్న మార్పు కాదు. కాని ఆ పిల్లలకి కాలేజీ ఇచ్చింది పరీక్ష ఇంగ్లీషు, బజారు అమ్మింది ఉద్యోగ ఇంగ్లీషు. కాన్వెంటులో చదివిన పట్నం పిల్లవాడి యాస, నిలబడే తీరు, చెయ్యి కలిపే తీరు 'కమ్యూనికేషన్ స్కిల్స్' అనే పేరుతో ప్రతిభగా చలామణీ అయ్యాయి. జిల్లాపరిషత్ హైస్కూలు నుంచి వచ్చిన పిల్లకి లెక్కలు వచ్చినా ఇంటర్వ్యూలో ఆ లెక్కలు కనిపించవు. వర్గమూ కులమూ ఇచ్చిన వసతిని తెలివిగా లెక్కగట్టే తూకం ఇది.

ఉద్యోగం దొరికిందనే అనుకుందాం. కంపెనీ ఇచ్చిన బాండు పేపరు మీద సంతకం చెయ్యమంటారు. ఇన్నాళ్ళలోపు మానేస్తే ఇంత డబ్బు కట్టాలనీ, పట్టాలు తాకట్టు పెట్టాలనీ అందులో షరతులు ఉంటాయి. బ్యాంకు అప్పు కాగితమూ అంతే, బీమా కాగితమూ అంతే. మన పట్టభద్రుడు వాటిని చదవకుండా సంతకం చేస్తాడు. ఇంగ్లీషు పద్యం సారాంశం రాసి ఫస్టుక్లాసు తెచ్చుకున్నవాడికి తన మెడకి తగిలే తాడులో ఏముందో చదివే ఇంగ్లీషు రాదు. ఇది యాదృచ్ఛికమని అనుకోవటం కష్టం. ఆజ్ఞలు అర్థం చేసుకునేటంత భాష చాలు, షరతులు ప్రశ్నించే భాష వద్దనుకునే యజమానికి ఇట్లాంటి చదువు బాగా సరిపోతుంది.

ఇప్పుడు చేతిలో ఫోను ఉంది, అది అనువాదమూ చేస్తుంది, ఉత్తరమూ రాసిపెడుతుంది, ఇక సమస్య తీరిపోయిందనేవాళ్ళున్నారు. యంత్రాన్ని ద్వేషించనక్కర్లేదు. బాండు పేపరు అర్థం చేసుకోవటానికి అది ఉపయోగపడితే మంచిదే. కాని రికార్డు ఎత్తి రాయటం అలవాటైన చదువులో ఆ యంత్రం కొత్త సీనియరు మాత్రమే అవుతుంది. అది రాసిచ్చింది తప్పో ఒప్పో చెప్పాలంటే మళ్ళీ భాష రావాలి.

5

అభ్యుదయ రచయితలుగా మన వైఖరి ఏమిటి? మాతృభాషలో విద్య అనే నినాదాన్ని మనం చాలాకాలంగా నిలబెట్టుకుంటూ వచ్చాం. సూత్రరీత్యా అది సరైనదే. అయితే ఆ నినాదం ఇచ్చినవాళ్ళ పిల్లలు ఎక్కడ చదివారని దళిత, బహుజన మేధావులు నిలదీశారు. ఆ నిలదీతని దబాయించి పక్కకి నెట్టలేం. సావిత్రీబాయి ఫూలే పందొమ్మిదో శతాబ్దంలోనే అణగారిన కులాలవాళ్ళని ఇంగ్లీషు నేర్చుకోమని చెప్పింది. 2010లో ఉత్తరప్రదేశ్ లఖింపూర్ ఖేరీ జిల్లాలో ఇంగ్లీషుని దేవతగా నిలిపి గుడి కట్టటానికి పూనుకున్నారు దళితులు. సంస్కృతం వినటానికి కూడా నోచుకోనివ్వని సమాజంలో, పుట్టుకతో నిమిత్తం లేకుండా నేర్చుకోగల అధికార భాష ఒకటి దొరికితే దాన్ని పట్టుకోవద్దని చెప్పే హక్కు ఎవరికుంది?

కాని ఇంగ్లీషు కావాలనటానికీ, ఇంగ్లీషు మాధ్యమం కావాలనటానికీ తేడా ఉంది. పాలకులు ఈ తేడాని కావాలనే చెరిపేస్తున్నారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్కూళ్ళలో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేస్తూ ఉత్తర్వులిచ్చింది. 2020లో హైకోర్టు వాటిని కొట్టేసింది. 2021-22 నుంచి అదే రాష్ట్రంలో డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లీషు మాధ్యమమే ఉండాలన్నారు. 2022లో తెలంగాణా ప్రభుత్వం కూడా సర్కారు బడుల్లో ఆ దారే పట్టింది. మరోపక్క 2021లో ఎ.ఐ.సి.టి.ఇ. తెలుగుతో సహా కొన్ని భాషల్లో ఇంజనీరింగు చెప్పటానికి అనుమతించింది. పైకి ఈ రెండూ పరస్పరం విరుద్ధంగా కనిపిస్తాయి. రెండింటిలోనూ లేనిది ఒకటే: ఇంగ్లీషుని ఒక భాషగా శ్రద్ధగా, ఓపికగా నేర్పే ఉపాధ్యాయుడు, అతనికి తగిన వసతి. పుస్తకం అట్ట మీద భాష మార్చటానికి ఉత్తర్వు చాలు. భాష నేర్పటానికి డబ్బు ఖర్చు పెట్టాలి. పన్నెండేళ్ళు తెలుగులో చదివిన పిల్లని ఉత్తర్వుతో ఇంగ్లీషు మాధ్యమంలోకి తోస్తే ఆమెకి ఇంగ్లీషూ రాదు, రసాయనశాస్త్రమూ రాదు. మిగిలేది మళ్ళీ గైడే.

మన సాహిత్యంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. శ్రీశ్రీ బి.ఏ.లో చదివింది జంతుశాస్త్రం. కొడవటిగంటి కుటుంబరావు చదివింది భౌతికశాస్త్రం. ఇద్దరూ ఇంగ్లీషు సాహిత్యం ప్రధానాంశంగా తీసుకున్నవాళ్ళు కారు. కాని ఇంగ్లీషు ద్వారా ప్రపంచం చదివారు. ఫ్రెంచి, రష్యన్ సాహిత్యాలు వాళ్ళకి ఆ కిటికీలోంచే కనిపించాయి. చదివినదాన్ని తెలుగులోకి తెచ్చారు. శ్రీశ్రీ అనువాదాలు చేశాడు, కుటుంబరావు విజ్ఞానశాస్త్ర విషయాల మీద తెలుగులో వ్యాసాలు రాశాడు. ఏదో ఒకటి తెలుసుకోవాలన్న ఆత్రంతో చదివారు గనకనే ఆ భాష వాళ్ళకి లొంగింది. అయితే వాళ్ళిద్దరూ చదువు అందుబాటులో ఉన్న కులంలో పుట్టినవాళ్ళనే సంగతి మరవకూడదు. వాళ్ళకి ఆ ఆత్రం తీర్చుకునే వెసులుబాటు దొరికింది. ఇవాళ హాస్టలు గదిలో నలుగురితో పడుకుని, సాయంత్రాలు పార్టుటైము పని చేసుకునే విద్యార్థికి ఆ వెసులుబాటు ఎవరిస్తారు? ఇవ్వగలిగితే శ్రీశ్రీలు వందమంది వస్తారని అనను. తన చదువు తాను చదువుకోగలవాళ్ళు వేలమంది వస్తారు.

అంచేత మన కోర్కెలు స్పష్టంగా ఉండాలి. జనరల్ ఇంగ్లీషు పరీక్షలో చూడని పాఠం ఇచ్చి చదివించాలి, సొంత వాక్యానికి తప్పులున్నా మార్కులివ్వాలి. విద్యార్థి ప్రధానాంశానికి సంబంధించిన రచనలు, అతని బతుక్కి సంబంధించిన కాగితాలు పాఠాలు కావాలి. బాండు పేపరు, అప్పుపత్రం, కార్మిక చట్టం కూడా పాఠాలే. మొదటి సంవత్సరంలో రెండు భాషల పాఠ్యపుస్తకం ఉండాలి. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో ఇంగ్లీషు. క్లాసులో తెలుగుని నేరంగా చూడటం మానాలి. ఇంగ్లీషు అధ్యాపకుల ఖాళీలని తాత్కాలిక ఉద్యోగులతో నెట్టుకురావటం ఆపాలి.

ఇవన్నీ ప్రభుత్వం చెయ్యవలసిన పనులు. మనం చెయ్యగలిగింది కూడా కొంత ఉంది. కాలేజీ ఉన్న ప్రతి ఊళ్ళోనూ మన శాఖలు వారానికి ఒక సాయంత్రం విద్యార్థులతో కూర్చుని ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగులో చర్చిస్తూ చదవవచ్చు. సైన్సు విద్యార్థుల చేత తమ పాఠాల మీద తెలుగులో రాయించి మన పత్రికల్లో వెయ్యవచ్చు. తెలుగులో స్పష్టంగా రాయటం అలవాటైనవాడు ఇంగ్లీషులోనూ అరువు వాక్యంతో తృప్తిపడడు. ఈ పని మన మహాసభల తీర్మానాల్లో చేరితే చాలదు, వచ్చే విద్యాసంవత్సరం నుంచే ఒకటి రెండు ఊళ్ళలోనైనా మొదలుపెట్టి, ఫలితాలు ఈ పత్రికలో చర్చకు పెట్టాలి.